ఏనుగును పుట్టిస్తే సరిపోతుందా?



పోయిన నెల ఈ గోడపత్రికలోనే ఒక మిత్రుడు రాశాడు, ఏనుగులు తగ్గిపోతున్నాయి కాబట్టి జూలలో పెట్టి పిల్లల్ని పుట్టించాలని, అప్పుడే జాతి నిలుస్తుందని. భోజనాల దగ్గర చాలామంది అవునన్నారు. నా అభిప్రాయం వేరు. పుట్టించడం సగం పనే. పుట్టిన పిల్ల ఎక్కడికి పోవాలి? దీనికి జవాబు లేకుండా ఎన్ని పిల్లల్ని పుట్టించినా బందీలు పెరుగుతాయి గానీ జాతి పెరగదు.

సికింద్రాబాద్‌లో ఉంటున్న మనకు ఏనుగు అనగానే లష్కర్ బోనాలు గుర్తొస్తాయి. ఉజ్జయిని మహంకాళి గుడి దగ్గర రంగం అయిపోయాక అమ్మవారి ఊరేగింపులో ఏనుగు నడిచి వస్తుంటే అందరం మెడలు చాచి చూస్తాం. మరి ఆ ఏనుగు మిగతా రోజులు ఎట్లా బతుకుతుందో ఎప్పుడైనా ఆలోచించామా?

నెహ్రూ జూలో రాణి అనే ఏనుగు ఉండేది. 1938లో పుట్టింది. పబ్లిక్ గార్డెన్స్ నుంచి 1963లో ఇప్పటి జూకు తెచ్చారు. బోనాల ఊరేగింపులో నడిచింది, మొహర్రంలో బీబీకా ఆలం ఊరేగింపులోనూ నడిచింది. 2021 జూన్‌లో చనిపోయింది. ఎనభై ఏళ్ళు దాటి బతికిందంటే సాకినవాళ్ళు బాగానే చూసుకున్నారన్నమాట. వాళ్ళను నేను ఏమీ అనడం లేదు. కానీ ఒక ఏనుగు ఎక్కువ కాలం బతకడం వేరు, ఏనుగుల జాతి బతకడం వేరు.

ఏనుగు కుందేలు లాంటిది కాదు. కడుపుతో ఇరవై నెలలు దాటి, దాదాపు ఇరవై రెండు నెలల దాకా ఉంటుంది. సాధారణంగా ఒక్కటే పిల్ల. మళ్ళీ ఈనడానికి నాలుగైదేళ్ళు పడుతుంది. కట్టేసి ఉంచిన ఆడ ఏనుగు చిన్న వయసులో ఈనకపోతే తర్వాత ఎదకు రావడమే మానెయ్యవచ్చు. ఈనినా పిల్ల దక్కుతుందన్న నమ్మకం లేదు. ఏనుగు పిల్లలకు హెర్పిస్ జాతి వైరస్ ఒకటి సోకుతుంది, కొద్ది రోజుల్లోనే ప్రాణం తీస్తుంది. భువనేశ్వర్ దగ్గరి నందన్‌కానన్ జూలో 2019లో చిన్న వయసు ఏనుగులు నాలుగు ఈ జబ్బుతోనే పోయాయి. ఈ వైరస్ అడవిలోనూ ఉంది. కానీ జూలో ఉన్నవే నాలుగైతే, నాలుగూ పోతే ఇంకేం మిగులుతుంది?

అంతకన్నా పెద్ద సంగతి చదువు. అవును, ఏనుగు పిల్లకూ చదువు ఉంటుంది. మందను నడిపేది పెద్ద ఆడ ఏనుగు. ఎండాకాలం నీళ్ళు ఎక్కడుంటాయి, ఏ దారిన పోతే మంచిది, ఏ చెట్టు బెరడు తినొచ్చు అన్నవి పిల్ల దాని వెంట నడిచే నేర్చుకుంటుంది. జూ గోడల మధ్య ఆ పాఠం చెప్పేదెవరు?

జూలు దండగ అని నేను అనడం లేదు. హైదరాబాద్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. మూషిక జింక మనదేశంలో అన్నిటికన్నా చిన్న జింక లాంటి జంతువు. 2010లో నెహ్రూ జూవాళ్ళు, సీసీఎంబీకి చెందిన లాకోన్స్ శాస్త్రవేత్తలు కలిసి దాన్ని పెంచడం మొదలుపెట్టారు. పిల్లలు పుట్టాయి. 2017లో కొన్నింటిని నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో వదిలారు. అక్కడ అడవి ఉంది కాబట్టి ఆ పనికి అర్థం ఉంది.

మనమూ అంతే కదా! గూడెం వదిలి ఇక్కడికొచ్చి చదువుకుంటున్నాం. దసరా సెలవులు ఇవ్వగానే పెట్టె సర్దుకుంటాం, ఎందుకంటే వెళ్ళడానికి ఇల్లు ఉంది. ఇల్లే లేకపోతే హాస్టల్‌ను ఏమంటారు?

ఏనుగుకు అట్లాంటి ఇల్లు సిద్ధంగా ఉందా? మా ఆసిఫాబాద్ జిల్లా సంగతి చెప్తాను. 2024 ఏప్రిల్‌లో మంద నుంచి తప్పిపోయిన ఒక మగ ఏనుగు గడ్చిరోలి వైపు నుంచి ప్రాణహిత దాటి వచ్చింది. 3వ తేదీన చింతలమానేపల్లి మండలం బూరెపల్లిలో మిరప చేనులో ఉన్న రైతును చంపింది. మరునాడు పెంచికల్‌పేట మండలం కొండపల్లిలో ఇంకో రైతును చంపింది. ఏనుగు వస్తే ఏం చెయ్యాలో మావైపు ఎవరికీ తెలియదు. ఒక్క ఏనుగుకే ఇట్లా అయితే, జూలో పుట్టి మనుషులంటే బెదురు లేని ఏనుగులను తెచ్చి వదిలితే ఏమవుతుంది?

ఏనుగుల వైపు నుంచి చూసినా అంతే. 2023 మే నెలలో పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలంలో కరెంటు తగిలి ఒకే చోట నాలుగు ఏనుగులు చచ్చిపోయాయి. నాలుగు ఏనుగులను పుట్టించి పెంచాలంటే ఎన్నేళ్ళు కావాలి? కరెంటు తీగలు సరిచెయ్యడానికి ఎన్నాళ్ళు కావాలి? మీరే లెక్కవేయండి.

పేడలోని డీఎన్ఏతో వేసిన లెక్క 2025లో వచ్చింది. దాని ప్రకారం దేశంలో అడవి ఏనుగులు 22,446. అంటే జాతి ఇంకా అడవిలోనే ఉంది. కాపాడుకోవాల్సింది అక్కడే.

కొందరు కుంకీల సంగతి అడుగుతారు. ఊళ్ళమీదికొచ్చే ఏనుగులను తిరిగి తోలడానికి శిక్షణ పొందిన ఏనుగులు కావాలి, నిజమే. 2025 మేలో కర్ణాటక నాలుగు కుంకీలను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది. అయితే ముదుమలై లాంటి అడవి శిబిరాల్లో ఆడ ఏనుగులను మేతకు అడవిలోకి వదిలేవారు. అడవి మగ ఏనుగులతో కలిసి అవి పిల్లల్ని కనేవి. పుట్టించాల్సిందే అయితే అట్లాంటి చోట పుట్టించండి. జూలలోని ఏనుగులను అడవి శిబిరాలకు పంపాలని 2009లో సెంట్రల్ జూ అథారిటీ కూడా చెప్పింది.

ఇంకొకటి. ఏనుగులకు అడవి కావాలి అనగానే, గూడేలు ఖాళీ చెయ్యమనే పెద్దలూ ఉంటారు. ఏనుగు దారికి అడ్డం వచ్చినవి గనులు, కాలువలు, పెద్ద రోడ్లు. వాటిని వదిలేసి పోడు రైతును ముందు కదిలించడం న్యాయం కాదు. ఏనుగు వస్తున్నదని ముందే కబురు అందాలి. పంట పోతే ఆ సీజన్‌లోనే డబ్బు చేతికి రావాలి. అప్పుడు ఏనుగును కాపాడే మొదటి మనిషి మా గూడెం మనిషే అవుతాడు.

వార్డెన్ సార్లకు ఒక మనవి. ఈసారి జూకు తీసుకెళ్తే, లాకోన్స్‌వాళ్ళతో కూడా మాట్లాడించండి. మిత్రులారా, మీరు అక్కడ ఏ బోను ముందు నిలబడినా ఒక్క ప్రశ్న అడగండి: "దీన్ని తిరిగి అడవికి పంపుతారా?" ఏం జవాబు వచ్చిందో వచ్చే సంచికలో రాయండి. నా మాట తప్పనిపిస్తే అదీ రాయండి, చదువుతాను.

– తొమ్మిదో తరగతి విద్యార్థి