నేల పుట్టుక - నేల నడత

నల్లరేగడి నేల ఎట్లు ఏర్పడినది అని అడిగినచో మన విద్యార్థులలో చాలమంది తడుముకొనకుండ ఒకే సమాధానము చెప్పుదురు. అగ్నిపర్వతములు పేలి, లావా ప్రవహించి, గట్టిపడి, అది కాలక్రమమున శిథిలమై నల్లరేగడి అయినదని వారి మాట. పరీక్షలో ఈ సమాధానమునకు మార్కులు పడును. మహారాష్ట్రకును, మన పొరుగున ఆదిలాబాదు, వికారాబాదు ప్రాంతములకును ఇది చాలవరకు సరిపోవును. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట పొంగిన దక్కను లావా అక్కడ పొరలు పొరలుగా పరచుకొని ఉన్నది. గోదావరి తీరమున రాజమహేంద్రవరము సమీపమున కూడ ఆ జాతి రాయి కొంత కలదు.

కాని మన పల్నాటికి ఆ సమాధానము సరిపోదు. మాచర్ల, గురజాల, దాచేపల్లి, పిడుగురాళ్ళ ప్రాంతములలో నేల క్రింద ఉన్నది లావా కాదు. అది ఏనాటిదో సముద్రగర్భమున పేరుకొన్న సున్నపురాయి. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు, ఈ సీమలోని సిమెంటు కర్మాగారములు, మన ఇండ్లలో పరచిన నాపరాళ్ళు అన్నియు దానికి సాక్ష్యములే. శ్రీనాథునిదిగా ప్రచారములో ఉన్న చాటుపద్యము కూడ ఈ సీమను వర్ణించుచు నాపరాళ్ళను మరువలేదు. సున్నపురాయి మీదను, పలకరాయి మీదను, నరసరావుపేట వైపు ఇంకను పురాతనమైన గట్టిరాళ్ళ మీదను గూడ నల్లరేగడి ఏర్పడినది. అనగా అగ్నిపర్వతము లేకుండగనే నల్లరేగడి పుట్టినది.

ఇది కేవలము పాఠ్యపుస్తకపు తగవు అని కొందరు తలంచవచ్చును. మేము అట్లు తలంచుట లేదు. నేలను దాని పుట్టుకనుబట్టి కాక నడతనుబట్టి తెలిసికొనవలెనని మా అభిప్రాయము. ఆ తెలివి లేకపోవుట వలన ఎరువు ఖర్చు పెరుగును, పొలము చౌడు బారును.

నిజముగా అగ్నిపర్వతపు బూడిద నుండి పుట్టిన నేల ఎట్లుండును? వేడియు వానయు సమృద్ధిగా గల జావా, హవాయి వంటి దీవులలో అది కనబడును. అగ్నిపర్వతపు బూడిద వాస్తవమునకు సన్నని గాజుపొడి. గాజులో స్ఫటికముల కట్టుబాటు లేదు గనుక వెచ్చని వాననీటికి అది త్వరగా కరగును. కరిగిన సిలికాలో పెద్దభాగము నీటితో కొట్టుకొనిపోవును. అల్యూమినియము, ఇనుము మిగిలి అలోఫేన్ అను అతిసూక్ష్మమైన ఖనిజమును, దాని వంటి మరికొన్నింటిని ఏర్పరచును. ఆకు అలములు కుళ్ళగా వచ్చిన జీవపదార్థమును ఇవి గట్టిగా పట్టి ఉంచుట చేత నేల నల్లబడును. శాస్త్రజ్ఞులు ఈ నేలలకు ఆండోసాల్ అను పేరు పెట్టినారు. జపాను భాషలో నల్లమట్టి అను అర్థమునుండి ఆ పేరు వచ్చినది. ప్రపంచపు నేలలో ఇవి నూటికి ఒక వంతుకు మించవు. అయినను వాటి మీద జనసాంద్రత మిక్కిలి అధికము.

ఆ నేలయు నలుపే, మన నేలయు నలుపే. కాని నడతలో రెండింటికిని పొత్తు కుదరదు. బూడిదనేల తేలికయైనది. ఒక ఘన సెంటీమీటరు ఎండుమట్టి 0.9 గ్రాముకు మించి తూగదు. మన రేగడి సుమారు 1.3 నుండి 1.6 గ్రాముల వరకు తూగును. బూడిదనేల వానను వెంటనే లోనికి తీసికొనును. మన రేగడి ఎండలో నెర్రెలు విచ్చి మొదటి వానను మ్రింగును గాని, పిమ్మట ఉబ్బి తలుపు మూసికొన్నట్లు మూసికొనును. అక్కడి నేల సాధారణముగా పులుపు గుణము కలది. మనది క్షారగుణము కలది. త్రవ్వినచో తెల్లని సున్నపు గులకలు బయటపడును. అక్కడ రైతు పొలమునకు సున్నము చల్లి బాగుచేసికొనును. పిడుగురాళ్ళలో సున్నము చవుకగా దొరకినది గదాయని మన రేగడిలో చల్లినచో మేలు కలుగదు. చౌడు బారిన రేగడికి కావలసినది జిప్సము.

భాస్వరము సంగతి ఇంకను గమనింపదగినది. అసలైన బూడిదనేల తనపై వేసిన భాస్వరములో నూటికి 85 వంతులు, అంతకు మించియు బిగపట్టుకొనును. అల్యూమినియము, ఇనుము దానిని కట్టివేయును. మన రేగడిలోను కొంత కట్టుబడును గాని, ఇక్కడ కట్టివేయునది ప్రధానముగా కాల్షియము. బస్తా మీద ఒకే పేరున్నను, నేలలో దాని బ్రతుకు ఒకటి కాదు. నలుపు చూచి సారవంతమని భ్రమపడుట మరియొక పొరపాటు. బూడిదనేల నలుపునకు సమృద్ధమైన జీవపదార్థము కారణము. మన రేగడిలో జీవపదార్థము స్వల్పము. అది బంకమట్టితో పెనవేసికొనుట చేత కొద్దిపాటిదైనను నలుపు చూపును. రంగును నమ్మి పశువుల ఎరువు మానినవాడు నష్టపోవును.

ఒకే రాయి రెండు వానలలో రెండు నేలలగుట చూడవలెనన్న మారిషసు దీవిని చూడవలెను. ఆ దీవి మనకు పరాయిది కాదు. 1834లో ఆరంభమైన కూలి ఒప్పందముల కాలమున, కోరంగి రేవు నుండి మన తెలుగువారు ఎందరో అక్కడి చెరకు తోటలకు వెళ్ళినారు. ఆ రేవు పేరనే వారిని కోరంగులని పిలిచినారు. ఆ దీవి సమస్తము లావా. మధ్యనున్న పీఠభూమి మీద ఏటా సుమారు 4000 మిల్లీమీటర్ల వాన కురియును. అక్కడి నేల కడుగబడి, పులిసి, తేలికయై ఉన్నది. పడమటి తీరమున వాన వెయ్యి మిల్లీమీటర్లకు లోపే. అక్కడ అదే లావా నుండి నల్లని జిగట బంకనేల, అనగా మన రేగడికి చుట్టము, ఏర్పడినది. ఒకే తల్లి బిడ్డలు రెండు వానలలో పెరిగి రెండు స్వభావములు పొందినారు. ఇట పల్నాటిలో ఏటా 800 మిల్లీమీటర్లకు కొంచెము అటునిటు వాన, దీర్ఘమైన ఎండకాలము. అందుచేత వేరు తల్లికి పుట్టినను మన సున్నపురాతి నేల ఆ తీరపు నేలను పోలి ఉన్నది.

మన రాష్ట్రములోనే ఇంకొక నిదర్శనము కలదు. నంద్యాల జిల్లాలో బనగానపల్లె సమీపమున జ్వాలాపురము అను గ్రామము ఉన్నది. సుమత్రా దీవిలోని తోబా అగ్నిపర్వతము సుమారు 74,000 సంవత్సరముల క్రిందట పేలగా, రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వచ్చిన బూడిద అక్కడ జుర్రేరు లోయలో రెండు మీటర్లకు మించిన మందమున పేరుకొన్నది. ఊరి పేరు జ్వాలాపురమగుట కాకతాళీయము మాత్రమే. ఆ బూడిదకు క్రిందను మీదను కూడ ఆదిమానవుల రాతి పనిముట్లు దొరకినట్లు 2007లో శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. మనకు ఇక్కడ ముఖ్యమైన సంగతి వేరు. వాన తక్కువైన సీమలో, పైమట్టి క్రింద కప్పబడి, ఆ బూడిద ఇప్పటికిని గుర్తింపదగిన గాజుపొడిగానే ఉన్నది. జావాలో వలె నల్లని మెత్తని నేల కాలేదు. బూడిద ఒక్కటే చాలదు, వాన కూడ కావలెను.

పుట్టుకనుబట్టి గొప్ప కొంచెములు నిర్ణయింపరాదని ఈ సీమకు ఎవ్వరును క్రొత్తగా చెప్పనవసరము లేదు. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టినట్లు చెప్పుకొను గడ్డ ఇది. ఆ నీతి మట్టికిని వర్తించును.

రైతుకు తెలియని నేల మనకు తెలియునా అని ప్రశ్నింపవచ్చును. జొన్న, ప్రత్తి పండించిన మెట్ట రైతుకు తన రేగడి పదును అరచేతికి తెలియును. ఆ విద్యను మేము గౌరవించుచున్నాము. కాని 1967లో నాగార్జునసాగరు కుడికాలువకు నీరు వదలిన తరువాత నేల క్రొత్త పరిస్థితిలో పడినది. మెట్టకు అలవాటైన రేగడికి కాలువ నీరు, దాని వెంట ఎరువు బస్తాలు వచ్చినవి. లోనికి మెల్లగా ఇంకు నేలలో మురుగు పోవు దారి లేక నీరు నిలిచినచో, అడుగునున్న లవణములు పైకి వచ్చి చౌడు బారును. ఈ అనుభవము తాతలు ఇచ్చిపోయిన విద్యలో లేదు. పటాన్‌చెరువులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థ రేగడి నేలలకు వెడల్పు మళ్ళు, వాటి మధ్య నీరు జారు కాలువలు అను పద్ధతిని రూపొందించినది ఈ నేల నడతను గ్రహించియే.

2015 నుండి కేంద్ర ప్రభుత్వము భూసార పరీక్షా పత్రములను ఇచ్చుచున్నది. అందులో పులుపు క్షారములు, లవణము, జీవ కర్బనము, నత్రజని, భాస్వరము, జింకు మొదలగు 12 అంశములు ఉండును. ఆ పత్రము ఇంటిలో దూలమునకు చెక్కబడియుండుటయే తప్ప చదువబడుట అరుదు. చదువుటకు ఇంటిలో ఒక విద్యార్థి ఉన్నాడు. అతనికి ఆ అంకెల అర్థము మనము నేర్పలేదు. రైతుబిడ్డ కళాశాలలో చదివియు తన తండ్రి పొలపు పత్రము చదువలేకపోవుట మన చదువునకే లోపము.

కావున కళాశాల సంఘమువారికి మా మనవి మూడు మాటలు. మొదటిది, ప్రతి విద్యార్థియు తన ఊరి మట్టిని పిడికెడు తెచ్చి, ఊరి పేరు, క్రిందనున్న రాయి పేరు వ్రాసి గాజుసీసాలో ఉంచునట్లు ఒక బీరువా ఏర్పరుపవలెను. రెండవది, పులుపు క్షారములు చూచు కాగితములు, ఒక త్రాసు, కొన్ని కొలపాత్రలు కొనవలెను. వాటి ఖర్చు వార్షికోత్సవపు తోరణముల ఖర్చు కన్న మించదు. మూడవది, భూసార పత్రములోని 12 అంశముల అర్థమును తెలుగులోను ఉర్దూలోను పెద్ద అక్షరములతో వ్రాయించి వరండాలో వ్రేలాడదీయవలెను. నేలను ఏ భాషలో చదివినను చదువు ఒక్కటే.

విద్యార్థులారా, పరీక్షలో అడిగినచో దక్కను లావా గురించి వ్రాయుడు. దానితోపాటు మా పల్నాటి రేగడి సున్నపురాయి బిడ్డ అని ఒక్క వాక్యము చేర్చుడు. తొలకరికి ముందు మీ ఇంటి దూలమునుండి ఆ పత్రమును తీసి, పెద్దలను కూర్చుండబెట్టి చదివి వినిపించుడు. ఒక్క బస్తా అనవసరపు ఎరువు మిగిలినను, ఒక్క మడి చౌడు బారకుండ నిలిచినను, ఈ ఏటి మీ చదువు సార్థకమైనట్లే.