హాజరు పట్టీ సరే, ఓటు పట్టీ ఏది?

ఎలక్షన్లు దగ్గర పడ్డయంటే వాట్సాప్ గ్రూపుల్ల ఎంపీల ప్రోగ్రెస్ కార్డులు తిరుగుతుంటయ్. మా సారు హాజరు ఇంత శాతం, అడిగిన ప్రశ్నలు ఇన్ని, మాట్లాడిన చర్చలు ఇన్ని అని. అవతలి పార్టీ పోరగాళ్లు ఇంకో కార్డు పెడ్తరు. నేను గూడ అవన్నీ చూస్త. గని ఒక ముచ్చట ఏ కార్డుల కనవడది: మన ఎంపీ ఏ బిల్లుకు అవునన్నడు, ఏ బిల్లుకు కాదన్నడు?

ముందు ఈ హాజరు సంగతి. హాజరు పడితెనే ఎంపీకి దినభత్యం వస్తది, ఇప్పుడది రోజుకు 2,500 రూపాయలు. హాజరు పడ్డంక పొద్దంత కూసున్నడా, పది నిమిషాలకే లేచి పోయిండా అన్నది అండ్ల దొర్కది. ఇంకోటి, మంత్రులకు ఈ హాజరే ఉండది. 2024 జూన్ల కేంద్రమంత్రులైన కిషన్ రెడ్డి, బండి సంజయ్ పేర్ల పక్కన అంకె లేదంటే డుమ్మా కొట్టిన్రని గాదు. గసుంటి పోస్టులు పెట్టి పరువు తీసుకోకున్రి.

ఇగ ఓటు. పార్లమెంటుల ఎక్కువ బిల్లులు మూజువాణి ఓటుతోని పాసైతయ్. స్పీకర్ అడుగుతరు, ఒప్పుకునేటోళ్లు అవునంటరు, ఒప్పుకోనోళ్లు కాదంటరు, ఏది గట్టిగ ఇనవడితే అదే ఫలితం. పేర్లు రాయరు.

మన రాష్ట్రం వచ్చిందే గట్ల. 2014 ఫిబ్రవరి 18న తలుపులు మూసి, టీవీ ప్రసారం ఆగిపోయిన టైంల లోక్‌సభ పునర్వ్యవస్థీకరణ బిల్లును మూజువాణి ఓటుతోని పాస్ చేసింది. ఎంతో మంది పిల్లల పానాలు పోయినంక వచ్చిన రాష్ట్రం. ఆ రోజు ఆ బిల్లుకు ఏ ఎంపీ ఎటు దిక్కు అన్నది పేరు పేరున చూపెట్టే లిస్టు లేదు. ‘మేం ఓటేస్తెనే తెలంగాణ వచ్చింది’ అని ఎవరన్న స్టేజీ మీద అంటే, ఒప్పుకోనీకి గాని కాదననీకి గాని మన చేతుల కాగితం లేదు.

సాగు చట్టాల కథ ఇంకా అన్యాలం. 2020 సెప్టెంబర్ 20న రాజ్యసభల ప్రతిపక్షం పేర్లు పడే ఓటింగ్ కావాలని అడిగింది. అడిగినోళ్లు తమ సీట్లల్ల లేరన్నది సభ నడిపినోళ్ల జవాబు. లొల్లి నడుమ రెండు బిల్లులు మూజువాణితోనే పాసైనయ్, తెల్లారి ఎనిమిది మంది ఎంపీలను సస్పెండ్ చేసిన్రు. ఏడాది పాటు రైతులు ఢిల్లీ బార్డర్ల కూసున్నంక, 2021 నవంబర్ 29న ఆ చట్టాలను వాపస్ తీసుకున్నరు. అది గూడ చర్చ లేకుంట, మూజువాణితోనే. తెచ్చినప్పుడు పేర్లు లేవు, తీసేసినప్పుడు పేర్లు లేవు.

పేర్లు పడే ఓటింగును డివిజన్ అంటరు. రాజ్యాంగ సవరణకైతే అది తప్పది, మూడింట రెండు వంతుల లెక్క తేలాలె గద. 2023 సెప్టెంబర్ 20న మహిళా రిజర్వేషన్ బిల్లుకు లోక్‌సభల 454 మంది అవునన్నరు, ఇద్దరు కాదన్నరు. ఆ ఇద్దరు అసదుద్దీన్ ఒవైసీ, ఇంతియాజ్ జలీల్ అని దేశమంత ఎరుకే. అండ్ల ఓబీసీ, ముస్లిం ఆడోళ్లకు కోటా లేదన్నది వాళ్ల కారణం. మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. గని పేరు పడ్డది కాబట్టి అడగొచ్చు, వాళ్లు జవాబు చెప్పాలె. 2025 ఏప్రిల్ల వక్ఫ్ సవరణ బిల్లు రాజ్యాంగ సవరణ గాకపోయినా డివిజన్ జరిగింది, లెక్క 288, 232 అని తేలింది.

డివిజన్ అయినా ఆ ఓటు ఎంపీ సొంతమా అంటే పూర్తిగ కాదు. 1985ల వచ్చిన ఫిరాయింపుల చట్టం ప్రకారం విప్‌కు ఎదురు ఓటేసినా, ఓటింగుకు రాకున్నా, పార్టీ 15 రోజుల్ల మాఫ్ చెయ్యకుంటే సీటు పోవచ్చు. కండువాలు మార్చేటోళ్ల కాడ ఈ చట్టం ఎంత పనిచేస్తదో తెలంగాణల మస్తు చూసినం. ఓటు కాడ మాత్రం గట్టిగనే పట్టుకుంటది.

అయినా ఒక పని ఎంపీ చేతుల ఉన్నది. లోక్‌సభ రూల్ 367 ప్రకారం స్పీకర్ చెప్పిన ఫలితాన్ని ఒప్పుకోను, డివిజన్ కావాలె అని ఒక్క సభ్యుడైనా అడగొచ్చు. అక్కర లేకున్నా అడుగుతున్నరని స్పీకర్‌కు అనిపిస్తే ఊకె నిలబెట్టి తలలు లెక్కవెడ్తరు, అప్పుడు పేర్లు పడవు. అయినా అడుగుడు అడుగుడే. 2024ల మనం పంపిన 17 మందిల 8 మంది కాంగ్రెస్, 8 మంది బీజేపీ, ఒకరు మజ్లిస్. అధికార పక్షపోళ్లకు మూజువాణే సుఖం, వాళ్లు అడుగుతరన్న ఆశ నాకు లేదు. మిగిలినోళ్లను మాత్రం ఊరికి వచ్చినప్పుడు పట్టుకోన్రి. మా పొలానికి, మా కూలికి తగిలే బిల్లు వచ్చిన రోజు డివిజన్ అడిగిన్రా సారూ?

ప్రశ్నల అంకె గూడ ఊకె నమ్మేది గాదు. 2005ల పైసలు తీసుకొని ప్రశ్నలు అడిగిన్రని 11 మంది ఎంపీలను పార్లమెంటుకెళ్లి తీసేసిన్రు. అవి గూడ లెక్కకు ప్రశ్నలే గద. అందుకే నేను ఎన్ని అడిగిండని చూడ, ఏమడిగిండని చూస్త. పార్లమెంట్ వెబ్‌సైటుల ఎంపీ పేరు కొడితే ప్రశ్న, మంత్రి జవాబు రెండూ వస్తయ్. 2019ల నిజామాబాద్ల 185 మంది బరిల ఉన్నరు, అండ్ల ఎక్కువ మంది పసుపు, ఎర్రజొన్న రైతులే. పసుపు బోర్డు మొదలైంది 2025 జనవరిల. ఈ నడుమ పసుపు మీద ఎవరు ఏమడిగిన్రు, మంత్రి ఏం చెప్పి దాటేసిండన్నది తారీఖులతోని అక్కడ్నే దొర్కుతది.