బలమా? ఓపికయా?

స్త్రీపురుషులలో ఎవరు బలవంతులను ప్రశ్నకు సమాధానము అందఱకును తెలిసినదే. సమానముగా సాధన చేసిన సైకిలు పోటీదారులను తీసికొన్నచో పురుషుని కండరములు పెద్దవి. ప్రాణవాయువును మోయు హిమోగ్లోబిన్ అతని రక్తములో అధికము. కనుక అతని వేగము హెచ్చు. ఇందు వాదమునకు తావు లేదు. కాని ఎవరు త్వరగా అలసిపోవుదురను ప్రశ్న వేఱు. పెద్ద బండను లాగి బహుమానమందిన ఎద్దే దినమంతయు దుక్కి దున్నుటలోను మొదటిది కానక్కఱలేదని సేద్యము చేయువారికి తెలియును. లోకము మాత్రము ఈ రెండు ప్రశ్నలను ఒకటిగా కలిపివేసి, స్త్రీకి బలము తక్కువ గనుక ఓపికయు తక్కువయే యని తీర్పు చెప్పినది. సైకిలు పందెములను నడపు పెద్దలు ఆ తీర్పునే నియమముగా వ్రాసికొనిరి.

1924వ సంవత్సరమున ఇటలీ దేశమును చుట్టివచ్చు జిరో ద ఇటాలియా పందెమునకు, సొమ్ము విషయమై వివాదము వచ్చి, పేరుపొందిన పోటీదారులు పలువురు దూరముగా ఉండిరి. ఆ సందున అల్ఫోన్సీనా స్ట్రాడా అను పేదరైతు కుమార్తె పందెమున చేరెను. పేర్ల పట్టికలో చివరి అక్షరము లోపించి 'అల్ఫోన్సిన్' అని పడుటచే ఆమె పురుషుడని భ్రమపడినవారు కలరు. దూరము 3,613 కిలోమీటర్లు, దశలు 12, త్రోవలన్నియు మన్నును ఱాళ్లును. పెరూజియా నగరము చేరవలసిన దశలో, గాలివానలో, ఆమె సైకిలు హ్యాండిల్ విఱిగెను. చీపురుకఱ్ఱ ముక్కను దానికి కట్టుకొని గమ్యము చేరునప్పటికి గడువు దాటెను. న్యాయనిర్ణేతలు ఆమెను లెక్కనుండి తొలగించిరి. అయినను నిర్వాహకుల అనుమతితో ఆమె మిగిలిన దశలన్నియు త్రొక్కి మిలాను చేరెను. బయలుదేఱిన 90 మందిలో తుదివఱకు లెక్కలో నిలిచినవారు 30 మందియే. మఱుసటి యేడు ఆమెను పందెమున చేర్చుకొనలేదు!

ఇంగ్లండులో 1967వ సంవత్సరమున జరిగిన విశేషము ఇంకను గొప్పది. 12 గంటలలో ఎవరెంత దూరము త్రొక్కగలరను పందెమున పురుషులు ముందు బయలుదేఱిరి, స్త్రీలు వెనుక. బెరిల్ బర్టన్ అను స్త్రీ ఒక్కొక్కరినే దాటుచు, నాడు పురుషుల రికార్డును బద్దలుకొట్టుచున్న మైక్ మెక్‌నమారాను సమీపించెను. అతనిని దాటునప్పుడు చేతికొక మిఠాయి ముక్క అందించి సాగిపోయెను. ఆమె త్రొక్కిన దూరము 277.25 మైళ్లు. అంత దూరము పోవుటకు పురుషులకు మఱి రెండేండ్లు పట్టెను. స్త్రీలకు 50 ఏండ్లు పట్టెను. సైకిలు ఆమె జీవనోపాధి కాదు, తోటపని చేసికొని బ్రతికినదన్న మాట కూడ మఱువదగినది కాదు.

దీనికి దేహములోనే కొంత కారణము కలదు. కండరములలో వేగముగా బిగిసి త్వరగా అలయు పోగులును, మెల్లగా బిగిసి చాలసేపు పనిచేయు పోగులును ఉండును. ఈ రెండవ రకము పోగుల పాలు స్త్రీలలో సగటున హెచ్చు. దీర్ఘమైన శ్రమలో పురుషుడు గ్లైకోజెన్‌ను ఎక్కువగా వ్యయపఱచగా, స్త్రీ క్రొవ్వును ఎక్కువగా వినియోగించుకొనును. గ్లైకోజెన్ నిలువ కొద్ది గంటల శ్రమకే తఱిగిపోవును; క్రొవ్వు నిలువ అట్లు తఱిగిపోదు. అంతమాత్రమున ఓపికలో స్త్రీయే మిన్న యని తొందరపడరాదు. ఎవరి పూర్తిశక్తిలో వారు ఎంతపాలు వినియోగించిరని కొలిచినప్పుడే ఈ భేదము కానవచ్చును. పనిని బట్టి అది మాఱుచుండును కూడ.

వృత్తిగా సైకిలు త్రొక్కువారి ఓపిక తేలునది ఎప్పుడు? అయిదాఱు గంటలు త్రొక్కిన పిమ్మట ఇంకొక కొండ ఎదురైనప్పుడు. స్త్రీల పందెములు ఆ ఘట్టము రాకముందే ముగియుచున్నవి. టూర్ ద ఫ్రాన్స్‌లో పురుషులకు 21 దశలు. స్త్రీలకు 2022లో 8, 2025లో 9. పరీక్ష పెట్టకుండ ఫలితము ప్రకటించుట ఏ బడిలోను చెల్లదు. చిన్న పందెమైనచో చూచువారికి ఉత్సాహమెక్కువ యనియు, స్త్రీల జట్లకు ధనము చాలదనియు కొందఱందురు. ఈ మాటలను త్రోసిపుచ్చ వీలులేదు. కాని ఇవి వేడుకకును ధనమునకును చెందినవి, దేహశక్తికి చెందినవి కావు.

దూరమును తగ్గింపని చోట ఏమి జరుగునో 2019లో కనబడినది. బల్గేరియాలోని బుర్గాస్ నుండి ఫ్రాన్సులోని బ్రెస్ట్ వఱకు, సుమారు 4,000 కిలోమీటర్ల పందెమున ఫియోనా కోల్బింగర్ అను జర్మను యువతి 10 దినముల 2 గంటల 48 నిమిషములలో అందఱికంటె ముందు చేరెను. ఆమె వెనుక మిగిలిన పురుషులు 200 మందికి పైగా కలరు. ఒక్క విజయమునుబట్టి సిద్ధాంతము కట్టరాదన్నది నిజమే. కావుననే ఇట్టి పరీక్షలు ఒకటి గాక అనేకము జరుగవలెను. ఇటలీలోని మిలాను–సాన్ రెమో పందెముతో మొదలిడవచ్చును. 2025లో పురుషులు పావియా నుండి బయలుదేఱి 289 కిలోమీటర్లు త్రొక్కిరి. స్త్రీలను జెనోవా నుండి 156 కిలోమీటర్లకే పంపిరి. ఒక్క యేడైనను వారిని కూడ పావియా నుండియే బయలుదేఱనీయవలెను.