మేస్త్రీ సీవీలో మేస్త్రీ ఏడీ?

గల్ఫ్‌కు అర్జీ పెట్టుకునే మన తాపీ మేస్త్రీలు, సెంట్రింగ్ పనోళ్లు తమ సీవీలు ఒకసారి చూసిపెట్టమని పంపిస్తుంటారు. పేరూ ఫోటో తీసేస్తే అన్నీ ఒక్కటే. జిరాక్స్ దుకాణం కంప్యూటర్‌లో ఏనాడో ఒక ఇంజనీరింగ్ కుర్రాడి కోసం కొట్టిన నమూనా ఉంటుంది, అదే అందరికీ. పైన 'పేరున్న సంస్థలో పనిచేసి ఎదగడం నా ఆశయం', కింద 'హాబీలు: క్రికెట్, పాటలు వినడం'. ఇరవై ఏళ్లు గోడలు కట్టిన మనిషి హునర్ మాత్రం 'అనుభవం: 20 సంవత్సరాలు' అన్న ఒక్క ముక్క కింద దఫన్ అయిపోతుంది.

'మజ్దూరీకి సీవీ ఏమిటి భాయ్, ట్రేడ్ టెస్టులో చెయ్యి చూస్తారు కదా' అంటారు కొందరు. సహీ బాత్. కానీ ఆ టెస్టుకు ఎవర్ని పిలవాలో, ఏ పనికి పిలవాలో తేల్చేది కాగితమే. 'కన్‌స్ట్రక్షన్ వర్కర్' అని రాసుకున్నవాణ్ణి హెల్పర్ల లైన్లో నిలబెడతారు. హెల్పర్ తన్‌ఖా వేరు, మేసన్ తన్‌ఖా వేరు. తీరా అక్కడికి పోయాక 'నేను మేస్త్రీని సాబ్' అంటే వినే తీరిక ఎవరికీ ఉండదు.

కాబట్టి మొదటి లైన్‌లో పని పేరు రాయాలి, అదీ అక్కడి కంపెనీలు వాడే పేరు. మన సెంట్రింగ్ పనిని వాళ్లు షట్టరింగ్ కార్పెంటర్ అంటారు. రాడ్ బెండింగ్ పనోడు స్టీల్ ఫిక్సర్. తాపీ మేస్త్రీ మేసన్. అందులోనూ ఇటుక పనా, ప్లాస్టరింగా, టైల్సా అన్నది విడిగా చెప్పాలి. అన్నీ వచ్చని రాసినవాడికి ఏదీ పూర్తిగా రాదనుకుంటారు, ఆ అనుకోవడంలో గలత్ కూడా లేదు.

ఆ తర్వాత తజుర్బా. సంవత్సరాల లెక్క ఒక్కటే చాలదు. ఏ ఊళ్లో, ఎన్ని అంతస్తుల భవనం, ఎన్నాళ్లు, అక్కడ మీ చేతి కింద జరిగిందేమిటి? తొమ్మిది అంగుళాల గోడా, సిమెంటు బ్లాకులా? ప్లైవుడ్ షట్టరింగా, అల్యూమినియం ఫార్మ్‌వర్కా? ఎన్ని ఎంఎం రాడ్ల దాకా వంచారు? డ్రాయింగ్ చూసి సొంతంగా కొలతలు వేసుకోగలరా, ఇంకొకరు మార్కు చేసి ఇవ్వాలా? ఇలాంటి నాలుగు లైన్లు చదివిన ఫోర్‌మన్‌కు ఎదుట ఉన్నది ఎవరో మాలూమ్ అయిపోతుంది. హిందీ, ఉర్దూ వస్తే తప్పక రాయండి. గల్ఫ్ సైట్లలో అది నిజంగా పనికొచ్చే భాష. మన ఇళ్లలో దాన్నొక అర్హతగా ఎవరూ లెక్కేయరు, ఎందుకో!

అడ్డా మీద నిలబడి రోజుకో గుత్తేదారు దగ్గర చేసినవాళ్లకు సర్టిఫికెట్ ఎవరిస్తారు? ఇక్కడే దలాల్ దూరతాడు, డబ్బు తీసుకుని ఎవరిదో కంపెనీ లెటర్‌హెడ్ మీద అనుభవం రాసిస్తాడు. నా మాట వినండి, ఆ ఝూటా కాగితం ముట్టుకోవద్దు. రెండు ప్రశ్నలడిగితే బయటపడుతుంది, ఉన్న ఇజ్జత్ కూడా పోతుంది. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు ఇచ్చే లేబర్ కార్డు ఉంది కదా, గడిచిన 12 నెలల్లో 90 రోజులు పని చేసిన వాళ్లకు ఇచ్చేది. దాని నకలు జతచేయండి. చేసిన పనుల ఫోటోలు ఫోన్‌లో దాచి ఉంచండి. పాత గుత్తేదారు ఒప్పుకుంటే ఆయన నంబర్ ఇవ్వండి.

పేరు సంగతి మన ఖాందాన్లకు పెద్ద ముసీబత్. ఆధార్‌లో 'షేక్', స్కూల్ కాగితంలో 'ఎస్.కె.', పాస్‌పోర్టులో ఇంకో స్పెల్లింగ్. మొహమ్మద్‌కైతే ఎన్ని రూపాలో! సీవీలో పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయాలి. చదువు కూడా ఉన్నదే రాయాలి. పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర ఉండి సీవీలో ఇంటర్ పాస్ అని ఉంటే సవాల్ వస్తుంది, పదో తరగతి పాసైనవాళ్లకు ఆ ముద్ర అవసరం లేదు కాబట్టి.

ఇదంతా ఎవరు రాయాలంటే, ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలే రాయాలని నా పట్టు. జిరాక్స్ దుకాణంవాడికి మీ అబ్బాజాన్ ఏం కట్టారో ఏం తెలుసు? మీకూ తెలియకపోవచ్చు. అందుకే ఒక సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. 'ఏముంది బేటా, కూలి పనే కదా' అంటారు. వదలకండి, సైటు సైటుకూ అడగండి. ఒక్క పేజీకి సరిపడా రాసి, ఆయనకు చదివి వినిపించండి. రేపు ఇంటర్వ్యూలో జవాబు చెప్పాల్సింది ఆయనే. ఫోన్ నంబర్ మాత్రం ఆయన ఎత్తేదే పెట్టండి.

సీవీ ఇచ్చేది లైసెన్సు ఉన్న ఏజెంటుకే. ఆ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకునే హక్ ఏజెంటుకు లేదు. ఖాళీ కాగితం మీద దస్తఖత్ అడిగితే లేచి వచ్చేయండి. సీవీ నకలు ఒకటి ఇంట్లో ఉంచుకుని, కాంట్రాక్టు చేతికొచ్చిన రోజున రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. సీవీలో మేసన్ అని ఉండి కాంట్రాక్టులోనో వీసాలోనో లేబర్ అని ఉంటే, విమానం ఎక్కకముందే అడగాలి.