గాఢతే గాని ఖచ్చితత్వం కాదు

1963 నవంబరు 22న అమెరికా అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెన్నెడీ హత్యకు గురైన వార్తను తాము ఎక్కడ, ఎవరి నోట విన్నదీ ఏళ్ల తరువాత కూడా పూసగుచ్చినట్లు చెప్పగలిగినవారిని పరిశీలించి, రోజర్ బ్రౌన్, జేమ్స్ కులిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1977లో అటువంటి స్మృతికి ‘ఫ్లాష్‌బల్బ్ జ్ఞాపకం’ అని పేరు పెట్టారు. దిగ్భ్రాంతి కలిగించిన ఘటనతో పాటు ఆ వార్త విన్న క్షణంలోని పరిసరాలు కూడా ఫోటో తీసినట్లు మనసులో నిలిచిపోవడమని దీని భావం. పేరు ఆకర్షణీయమైనదే గాని, అది చేసే వాగ్దానం నిలవలేదు. 1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్ష నౌక ఏడుగురు వ్యోమగాములతో సహా ఆకాశంలోనే ధ్వంసమైన మర్నాడే, ఎమొరీ విశ్వవిద్యాలయ విద్యార్థుల చేత ఆ వార్త తమకెలా తెలిసిందో ఉల్రిక్ నైసర్, నికోల్ హార్ష్ రాయించి, రెండేళ్లు దాటిన తరువాత వారిలో 44 మందిని తిరిగి అడిగినప్పుడు, నాలుగో వంతు మంది చెప్పిన ప్రధాన వివరాల్లో ఒక్కటి కూడా తొలి రాతతో సరిపోలలేదు. విచిత్రమేమంటే, తమ దస్తూరీతోనే ఉన్న ఆ కాగితాలను కళ్లెదుట పెట్టినా పాత జ్ఞాపకం వారికి తిరిగి రాలేదు. ఉద్వేగం జ్ఞాపకాన్ని కాపాడుతుందనడం కన్నా, జ్ఞాపకంపై నమ్మకాన్ని కాపాడుతుందనడమే న్యాయంగా తోస్తుంది. ప్రత్యక్ష సాక్షుల మాటలతో చరిత్ర రాసేవారు ఈ తేడాను తరచుగా విస్మరిస్తారు. 2001 సెప్టెంబరు 11 దాడుల మర్నాడు డ్యూక్ విశ్వవిద్యాలయంలో జెన్నిఫర్ తలారికో, డేవిడ్ రూబిన్ ప్రారంభించిన పరిశీలనలోనూ, దాడుల వార్త విన్న జ్ఞాపకం, అదే కాలపు మామూలు సంఘటన జ్ఞాపకం ఒకే తీరున చెదిరిపోగా, మొదటిదానిపై విశ్వాసం మాత్రం సడలలేదు.