నెలకో సినిమా... శ్రీలీల!

శ్రీలీల స్క్రీన్ మీదకి వస్తే మన చూపు ముందు కాళ్ల మీదకే పోతుంది. ఆ డాన్స్ అలాంటిది మరి! 2019లో కన్నడ ‘కిస్’తో హీరోయిన్ అయ్యి, 2021లో ‘పెళ్లి సందడి’తో మన దగ్గరకొచ్చింది. మరుసటేడాది డిసెంబర్‌లో ‘ధమాకా’. రవితేజ పక్కన ఆ స్పీడ్ చూశాక నిర్మాతలు ఆగుతారా?

ఇక 2023 సెప్టెంబర్ నుంచి లెక్కేసుకోండి. ‘స్కంద’, ‘భగవంత్ కేసరి’, ‘ఆదికేశవ’, ‘ఎక్స్‌ట్రా ఆర్డినరీ మ్యాన్’, సంక్రాంతికి ‘గుంటూరు కారం’. నెలకొకటి! ‘ఆదికేశవ’, ‘ఎక్స్‌ట్రా’ వరసగా ఆడకపోయేసరికి మీమ్స్ మొదలు. కథ రాసినవాళ్లని వదిలేసి హీరోయిన్‌ని ‘ఐరన్ లెగ్’ అనడం మనకి పాత అలవాటేగా (హీరోలకి మాత్రం ఆ లెగ్ ఎందుకో ఉండదు).

ఆ ఐదింట్లో ‘భగవంత్ కేసరి’ వేరు. అందులో ఆమె బాలకృష్ణ పెంచే విజ్జి పాప. భయపడే అమ్మాయిని ఆర్మీకి పంపేంత గట్టిగా తయారుచేయాలన్నదే కథ. హీరోతో లవ్ ట్రాక్ లేదు. ఏడవాల్సిన చోట ఏడ్చింది, చివర్లో కొట్టాల్సిన చోట కొట్టింది. నటించడానికి చోటిస్తే నటిస్తుందని అప్పుడే తేలిపోయింది. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా ఆ సినిమాకే వచ్చింది.

తర్వాత ఏం ఇచ్చారు? 2024 డిసెంబర్‌లో ‘పుష్ప 2’లో ‘కిస్సిక్’ పాట. ఊపేసింది, కాదనం. కానీ మళ్లీ డాన్సే కదా! ఓ పక్క ఎంబీబీఎస్ చదువుతూ సెట్స్‌కి తిరిగిన అమ్మాయికి ఒక్క డాక్టర్ పాత్రయినా గట్టిది రాయొచ్చుగా. డైరెక్టర్లూ, వింటున్నారా?