ఇద్రూస్ అమ్మేశాడా?

ఛత్రినాకలోనో, అలియాబాద్‌లోనో పాతకాలం మనిషి ముందు 1948లో హైదరాబాద్ మీదికి భారత సేన వచ్చిన మాట ఎత్తి చూడండి. "మన ఫౌజు ఓడలే, ఇద్రూస్ అమ్ముకున్నడు" అంటాడు. ఎంతకు అమ్ముకున్నాడు, ఎవరికి అమ్ముకున్నాడు అని అడిగితే చాయ్ చల్లారుతుందే గాని జవాబు రాదు. నిజాం సేనాధిపతి ఇద్రూస్ ద్రోహం అనే ఈ కథను ఇన్నేళ్లు మోసింది చాలు.

సెప్టెంబర్ 13న సోలాపూర్ వైపు నుంచి బయల్దేరిన భారత సేనకు మొదటి ఎదురు నల్‌దుర్గ్‌లో తగిలింది. అక్కడ కాపలా ఒకటో హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీది. బోరి నది మీద వంతెన పోతే దారి ఆగేది. కానీ దాన్ని పేల్చే వ్యవధి దొరక్కుండానే సిక్కు పటాలం పట్టేసింది. వెనకాల షెర్మన్ ట్యాంకులు, పైన టెంపెస్ట్ విమానాలు. నిజాంకు యుద్ధ విమానమే లేదు. ఆయన సైన్యం 24 వేలని లెక్క, అందులో పూర్తి శిక్షణ, సరైన ఆయుధాలు ఉన్నది ఆరు వేల మందికని అంచనా. సిడ్నీ కాటన్ అనే వైమానికుడు కరాచీ నుంచి దొంగచాటుగా విమానాల్లో దించిన తుపాకులు ట్యాంకును ఆపుతాయా? సముద్రం లేదు, సరిహద్దు పొడవునా భారతదేశమే. ఇలాంటి రాజ్యాన్ని కాపాడమంటే ఏ సేనాపతి కాపాడతాడు?

"మరి వంతెనలు ఎందుకు కూల్చలేదు?" అంటారు. కూల్చారు. సూర్యాపేట దగ్గర మూసీ వంతెనను వెనక్కి తగ్గుతున్న నిజాం సైనికులే పేల్చారు. అయితే అవతలి గట్టున నిలిచి కాల్పులతో అడ్డుకునే దళం లేదు. భారత ఇంజనీర్లు తాపీగా బాగు చేసుకుని దాటారు. అది తర్ఫీదు లోపం. దానికి లంచం అక్కర్లేదు.

ఈ లోపం 1948లో పుట్టిందీ కాదు. 1941 డిసెంబర్ 8న జపాన్ సేన మలయాలోని కోట భారు తీరంలో దిగినప్పుడు అక్కడి విమానాశ్రయానికి కాపలా ఇదే పేరున్న ఒకటో హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ. ఆ రోజు గందరగోళంలో పటాలం కమాండర్ లెఫ్టినెంట్ కల్నల్ హెండ్రిక్స్ చనిపోయాడు, సొంత సిపాయిల తూటాకేనని చెబుతారు. ఆ రాత్రికే విమానాశ్రయం పోయింది. అప్పుడెవరు అమ్మేశారట? నిజమే, ఆస్ట్రేలియా వైమానిక సిబ్బంది కూడా ఆ మధ్యాహ్నం పుకారు నమ్మి పరుగెత్తారు కాబట్టి నేరమంతా మనవాళ్ల మీద వేయను.

కొందరు ఇంకో పొరపాటూ చేస్తారు. 19వ హైదరాబాద్ రెజిమెంట్ ప్రతాపాన్ని నిజాం ఖాతాలో రాస్తారు. అది బ్రిటిష్ ఇండియా సైన్యం. 1945లో కుమావూ రెజిమెంట్ అయింది. తొలి పరమవీరచక్ర గ్రహీత సోమనాథ్ శర్మ మొదట చేరింది అందులోనే. అప్పటి నిజాం ఫౌజు వేరు, అది వేరు.

ద్రోహం కథ వల్ల లాభం ఎవరికి? బేరాలతో కాలం గడిపిన నిజాం ప్రధాని లాయఖ్ అలీకి, రజాకార్లను పల్లెల మీదికి వదిలి ఎర్రకోట మీద జెండా ఎగరేస్తామని కేకలేసిన ఖాసిం రజ్వీకి. ఫలితం అనుభవించింది వేరేవాళ్లు. యుద్ధం తర్వాత జరిగిన మారణకాండలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. మనకు దగ్గర్లోని బార్కాస్‌లో నిజాం అరబ్బు దళం సంతతి ఉంది. అప్పట్లో అరబ్బులను నిర్బంధించారు, ఎందరినో దేశం దాటించారు. ఇద్రూస్ మీద శాపనార్థాలు పెట్టేటప్పుడు ఈ లెక్కలు ఎవరికీ గుర్తుకురావు.

లాయఖ్ అలీ 1950లో గృహనిర్బంధం నుంచి తప్పించుకుని పాకిస్తాన్ చేరాడు. రజ్వీ 1957లో జైలు నుంచి విడుదలై అక్కడికే వెళ్లాడు. నిజాం రాజప్రముఖ్ అయ్యాడు. గెలవలేని యుద్ధాన్ని ఐదో రోజున ఆపి, నగరం వీధుల్లో రక్తపాతం జరగకుండా చూసినవాడికి మాత్రం ద్రోహి అన్న పేరు మిగిలింది. కనీసం మన గల్లీల్లోనైనా ఆ మాట వెనక్కి తీసుకోండి.